మూడో నంబరు పాడినామె

పంతొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, యూనివర్సిటీలోని ఒక గదిలో, పన్నెండు మంది ముందు నేను ఒక పాట గురించి అబద్ధం చెప్పాను. ఆ పాట పాడింది నా భార్య. ఆ మాట విన్నాక ఆమె పాడటం మానేసింది. రెండేళ్ల కిందట చనిపోయింది. ఆ రోజు నేను రాసిన నాలుగు వాక్యాలు తర్వాత ఒక చిన్న పత్రికలో నా వ్యాసంలో భాగంగా అచ్చయ్యాయి. దిద్దుబాటు కూడా అచ్చులోనే జరగాలని ఇది రాస్తున్నాను.

ముందు, మేం ఆ గదిలో ఏం చేసేవాళ్లమో చెప్పాలి.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు విభాగంలో పనిచేస్తాను. చదివింది కూడా ఇక్కడే. మాది వ్యవసాయ కుటుంబం. ఊళ్లో నేను విన్న సంగీతమంటే రేడియో పాటలు, బతుకమ్మ పాటలు, చావుల దగ్గర డప్పు. ఎమ్మే చదివే రోజుల్లో ఒకసారి హాస్టల్ మెస్ బంద్ అయితే మా ఇంగ్లీషు సార్ నలుగురిని క్యాంపస్‌లోని తన క్వార్టర్‌కు పిలిచి అన్నం పెట్టారు. ముందు గదిలో గోడ పొడుగునా రికార్డులు. తిన్నాక ఒకటి పెట్టారు. ఒక ఆడగొంతు, దాని కింద తీగల వాద్యాలు. భాష తెలియదు.

"ఇదేంది సార్?" అని అడిగాను.

"మూడు నాలుగు వందల ఏండ్ల కిందటి ఏడుపు," అన్నారు. "బరోక్ అంటరు. నాటకశాలల పాడేటివి కొన్ని, చర్చిల పాడేటివి కొన్ని."

తర్వాత ఇంకో రికార్డు పెట్టారు. అదే పాట, పాడింది వేరే ఆమె. "ఇద్దర్ల ఎవరికి నిజంగ బాధున్నది?" అని అడిగారు. రెండో ఆమెకు అన్నాను. "ఎట్ల తెల్సింది?" అన్నారు. చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే నా ఇరవైలు, ముప్పైలు గడిచిపోయాయి.

సార్ దగ్గర అలా చేరినవాళ్లమంతా పదిహేను రోజులకొకసారి, ఆదివారం మూడింటికి, డిపార్ట్‌మెంట్‌లో ఒక గదిలో కలిసేవాళ్లం. ఒకే పాటకు మూడు రికార్డింగులు వినేవాళ్లం. ఎవరు పాడారో సార్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఒకటి, రెండు, మూడు, అంతే. పేరు తెలిస్తే చెవి మూసుకుపోతుందని సార్ నమ్మకం. విన్నాక ఒక్కొక్కరూ ఒక కార్డు మీద తమకు నచ్చిన నంబరు, ఎందుకు నచ్చిందో నాలుగు మాటలు రాయాలి. కార్డులు మా లైబ్రరీవే. కేటలాగు కంప్యూటర్‌లోకి ఎక్కించాక పాత కార్డులు బస్తాల కొద్దీ పారేస్తుంటే నేనే ఒక బస్తా తెచ్చాను. ఒక వైపు ఏదో పుస్తకం వివరాలుంటాయి, వెనక తెల్లగా ఉంటుంది. సార్ మనిషికొకటి పంచేవారు. రాసినవాటిని బిస్కెట్ల డబ్బాలో వేస్తే, కలిపి, ఒక్కొక్కటే పైకి చదివేవారు. ఎవరి కార్డు చదువుతుంటే వాళ్లు చెయ్యెత్తాలి. అన్నీ అయ్యాకే గాయకుల పేర్లు. ఒకసారి రాసింది మార్చకూడదు. అదొక్కటే నియమం.

ఆమె అక్కడికి వచ్చిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. తండ్రి రైల్వేలో పని. క్రైస్తవులు. యూనివర్సిటీలో లెక్కల ఎమ్మెస్సీ చదువుతూ, చర్చిలో క్వైర్‌లో పాడేది. ఎవరో స్నేహితురాలు తీసుకొస్తే వచ్చింది. ఆ రోజు ఆమె కార్డు మీద రాసింది సార్ చదివారు: "ఒకటి. రెండో ఆమె ఏడుస్తలేదు, ఏడుపు చూపిస్తున్నది." గదంతా నవ్వింది. రెండో నంబరుకు రాసినవాణ్ణి నేనే.

"ఏడుపుల కూడ చూపించేది ఉంటదని మీకెట్ల తెల్సు?" అని బయటికొచ్చాక అడిగాను.

"మా మేనత్తలను చూడలేదు మీరు," అంది.

రెండేళ్లకు పెళ్లి చేసుకున్నాం. మా ఇంట్లో, వాళ్లింట్లో అలిగినవాళ్లు అలిగారు, తర్వాత వాళ్లే సర్దుకున్నారు. తార్నాకలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆమె దగ్గర్లోని బడిలో లెక్కలు చెప్పేది. నేను సాయంత్రమంతా పాటలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒకసారి ఇంటి ఓనరు మెట్ల మీద ఆపి, "ఒక్క పాటనే దినమంత పెడ్తవేంది సార్? మిషినేమన్న ఖరాబైందా?" అని అడిగాడు. లోపల్నుంచి ఆమె, "మిషిన్ మంచిగనే ఉన్నదంకుల్, మనిషే ఖరాబు," అంది.

ఆమె నాకు పెట్టిన పేరు పెద్ద చెవులాయన. మొదట్లో అది ముద్దుగానే పెట్టింది.

ఇంట్లో ఆమె కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ పాడేది. నేను దిద్దేవాణ్ణి. నోరు అంత తెరవకూడదు, ఆ స్వరం కిందికి జారింది, అక్కడ ఊపిరి తీయకూడదు. మంచి కోసమే చెబుతున్నానని నమ్మాను. ఏడాది తిరిగేసరికి ఆమె గొంతు సగమైంది, తర్వాత కూనిరాగమైంది. చివరికి బాత్‌రూంలో నల్లా తిప్పి ఉన్నప్పుడు మాత్రమే పాడేది. చర్చిలో పాడేది గానీ నేను చర్చికి వెళ్లేది క్రిస్మస్‌కే, అప్పుడూ నలభై గొంతుల మధ్య ఆమెదొకటి. పెళ్లయ్యాక నా భార్య పూర్తి గొంతు నేను వినలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం.

ఆ రోజుల్లోనే నేనొక వ్యాసం రాశాను. ఈ పాటలు మనవాళ్లు వినొచ్చు గానీ పాడలేరని, మన గొంతులకు అలవాటైన దారి వేరని, చర్చిల్లో పాడేవాళ్లకు భక్తి ఉంటుంది గానీ విద్య ఉండదని. సార్ చదివి, "మెట్టుగూడ నుంచి పిల్లను తెచ్చుకొని గిది రాసినవా?" అన్నారు. ఆమె కూడా చదివింది. పత్రికను మడిచి బల్ల మీద పెట్టింది.

ఇక ఆ పాట. దానికి రెండు బతుకులున్నాయి. మొదట అది నాటకశాల కోసం పుట్టింది. ప్రియుడు వదిలేసి పోతే ఒక రాణి సముద్రపు ఒడ్డున నిలబడి ఏడుస్తుంది. జనం మెచ్చుకున్నారు. తర్వాత అవే స్వరాలకు లాటిన్ మాటలు పెట్టి చర్చికి తెచ్చారు. అక్కడ శిలువ కింద నిలబడి కొడుకు కోసం తల్లి ఏడుస్తుంది. ఆ కాలంలో ఇలా చేయడం మామూలే. నేనీ సంగతి ఇంట్లో పెద్ద విశేషంగా చెబితే ఆమె బియ్యం చెరుగుతూ విని, "రెండూ ఒకటే ఏడుపు గద. ఎవరు పోయిండ్రన్నదే తేడా," అంది.

మళ్లీ తనే అంది: "మా నాయినమ్మ గిట్లనే శోకం పెట్టేది. ఎవరు సచ్చినా రాగం గదే, మాటలు మారుస్తది."

చావింట్లో ఆడవాళ్లు శోకం పెట్టడం మా ఊళ్లోనూ ఉంది. పోయినవాళ్లను పిలుస్తూ, వాళ్ల పనులు, వాళ్ల మాటలు తలుచుకుంటూ ఒకే రాగంలో ఏడుస్తారు.

"ఆమె ఊపిరి మాట అయినంక తీయది," అంది. "మాట నడిమిట్ల తీస్తది. గప్పుడు వినెటోళ్లకు ఇగ ఈమె గూడ పోతదేమో అనిపిస్తది."

"ఈ సంగీతంల గట్ల తీయొద్దు. వాక్యం అయినంకనే తీయాలె," అన్నాను.

"సరే దొరా," అంది, చేట దులిపి లేస్తూ.

అప్పటికే ఆమె సార్ దగ్గర ఆ పాట నేర్చుకుంటోందని నాకు తెలియదు. బడి అయ్యాక వారానికి రెండు రోజులు సార్ ఇంటికెళ్లి లాటిన్ మాటలు పలకడం నేర్చుకునేది. బడిలో స్పెషల్ క్లాసులని నాకు చెప్పేది. సార్ మద్రాసులో ఉండే ఒక టీచరుకు ఆమె గురించి రాశారు. ఆ టీచరు విదేశంలో పాట నేర్చి వచ్చినామె. ఫోన్‌లో ఆమె గొంతు విని, జూన్‌లో వస్తే ఏడాది పాటు తన దగ్గర ఉంచుకుని నేర్పుతానని జవాబు రాసింది. వెళ్లాలంటే బడి ఉద్యోగం మానాలి, ఏడాది పాటు ఇల్లు విడిచి ఉండాలి. ఆమెకు ధైర్యం చాలలేదు. అందుకని సార్‌తో ఒక మాట అనుకుంది. మెట్టుగూడ చర్చిలో పాడిన రికార్డింగును పేరు చెప్పకుండా మా ఆదివారం వినిపించాలి. ఎవరిదో తెలియకుండా నేను మెచ్చుకుంటే వెళ్తుంది. లేకపోతే లేదు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆ ఆదివారం ఎండ బాగా ఉంది. ఫ్యాన్ చప్పుడు రికార్డింగులో కలుస్తుందని సార్ ఫ్యాన్ ఆపించారు. ఆమె నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. మొదటి నంబరు నాటకశాల మాటలతో ఉంది. శుభ్రమైన గొంతు, ఎక్కడా మరక లేదు. రెండోది చర్చి మాటలతో, బరువైన గొంతు, ప్రతి స్వరాన్నీ ఊపుతూ పాడింది. మూడోది మొదలైంది. కింద వాద్యమంటే ఆర్గన్ ఒక్కటే. గొంతు లోపల్నుంచి వస్తోంది, పాడాలని కాదు, ఆపుకోలేక. మధ్యలో ఒక మాట సగంలో తెగింది, ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది, మిగిలిన సగం మాట తర్వాత వచ్చింది. శోకం గురించి ఆమె చెప్పిన మాట అప్పుడు కూడా నాకు గుర్తు రాలేదు. ఎవరీమె, ఇన్నేళ్లూ ఈమెను నేనెలా వినలేదు అనుకున్నాను.

పాట అవుతుండగానే కార్డు మీద రాశాను: "మూడు. మొదటి ఇద్దరూ బాగా పాడారు. ఈమె పాడటం లేదు, ఈమెకు జరుగుతోంది. ఊపిరి తెగిన చోట కూడా బాధ తెగలేదు."

ఆఖరి స్వరం ఆగింది. ఆర్గన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, ఒక రైలు కూత వినిపించింది. ఒక్క క్షణం. సార్ వెంటనే ఆపేశారు.

ఆ కూత ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం పట్టించుకున్నాను. మెట్టుగూడ చర్చిలో ఎన్ని క్రిస్మస్‌లు కూర్చున్నానో. ఎడమవైపు కిటికీల్లోంచి రైలు కూత అలాగే వస్తుంది, కొంచెం వంగి, గోడకు తగిలి. ఆర్గన్ కూడా అప్పుడే గుర్తుకొచ్చింది. వాయించేది మా బావ, ఆమె అన్న. తల తిప్పి చూశాను. ఆమె తన చేతులు చూసుకుంటోంది.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మొదట సిగ్గు, వెంటనే కోపం. నా వ్యాసం అబద్ధమని అందరి ముందు తేల్చడానికి సార్, ఆమె కలిసి వల వేశారనుకున్నాను. సార్ నా కార్డు చదువుతారు, పేరు చెబుతారు, గదంతా నవ్వుతుంది, పెద్ద చెవులాయన పెళ్లాం గొంతు గుర్తుపట్టలేదని. ఆ కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాను. బల్ల మీది కట్టలోంచి ఇంకొకటి లాగి రాశాను.

సార్ దాన్ని చదువుతుంటే చెయ్యెత్తాను. "ఒకటి. మూడో ఆమెకు గొంతు ఉంది, విద్య లేదు. వాక్యం మధ్యలో ఊపిరి తీస్తోంది. చర్చి పాటలకు సరిపోతుంది."

నలుగురు మూడో నంబరుకు రాశారు. అన్నీ చదివాక సార్ మొదటి ఇద్దరి పేర్లు చెప్పారు. మూడో పేరు దగ్గర ఆగి ఆమె వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "మూడో ఆమె పేరు వద్దన్నది," అని సార్ డబ్బా మూత పెట్టారు.

నడుచుకుంటూ తార్నాక వచ్చాం. దారిలో మిర్చి బండి దగ్గర ఆగింది. కాగితంలో రెండు మిరపకాయ బజ్జీలు పట్టుకుని అడిగింది: "మూడో ఆమె నిజంగ అంత ఖరాబ్ పాడిందా?"

"ఖరాబ్ అంటలేను. నేర్చుకోలేదు అంటున్న."

"ఇప్పుడు నేర్చుకుంటే వస్తదా?"

నాకు అప్పటికీ మద్రాసు సంగతి తెలియదు. అయినా ఆ ప్రశ్న ఎవరి గురించో తెలుసు. "ఏమో, వయసయినట్టున్నది," అన్నాను. ఆమెకప్పుడు ముప్పై ఒకటి.

"కారం మస్తున్నది," అని మిగిలిన బజ్జీ నాకిచ్చింది.

నాలుగు రోజుల తర్వాత బల్ల మీద ఒక ఉత్తరం కనిపించింది. మద్రాసు టీచరుకు, రాలేనని. ఇదేంటని అడిగితే అంతా చెప్పింది, సార్ దగ్గర నేర్చుకోవడం, చర్చి, అనుకున్న మాట. "మూడో నంబరు నేనే," అంది.

"నువ్వా?" అన్నాను. ఆశ్చర్యపోయినట్టు. అది రెండో అబద్ధం, మొదటిదానికంటే పెద్దది.

"నువ్వని తెలిస్తే గట్ల రాసేటోణ్ణి కాదు," అన్నాను.

"ఏం రాసేటోనివి?"

"మంచిగున్నదని రాసేటోణ్ణి."

"గదే గద నా భయం," అంది. "నీకు తెల్వదు. గందుకే నమ్మిన."

"నలుగురు మెచ్చుకున్నరు గద."

"ఆళ్లు మంచోళ్లు. ఏది పెట్టినా మంచిగనే ఉన్నదంటరు. నువ్వు గట్ల కాదు."

జేబులోని కార్డు అప్పటికి లైబ్రరీలో నా బల్ల సొరుగులో ఉంది. పావుగంట నడిస్తే తెచ్చి ఆమె చేతిలో పెట్టొచ్చు. పెట్టలేదు. పెడితే ఒకదాని మీద ఒకటి పేర్చిన అబద్ధాలన్నీ ఒప్పుకోవాలి. ఆమె ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, మర్నాడు బడికి పోతూ పోస్టు డబ్బాలో వేసింది. ఆ నెలలోనే నేను మా ఆదివారాల గురించి రాసిన వ్యాసంలో ఆ నాలుగు వాక్యాలనూ చేర్చాను. అబద్ధం అచ్చయితే నిజంలా కనిపిస్తుందనుకున్నానేమో, తెలియదు.

క్వైర్ మానేసింది. చర్చికి వెళ్లేది, బెంచీలో కూర్చుని పుస్తకం తెరిచేది, పెదవులు కదిలించేది. మా బావ ఒకసారి నన్ను అడిగాడు, "ఏం బావా, దీనికేమైంది? పాడుమంటే గొంతు నొప్పి అంటది." నేను డాక్టరుకు చూపిస్తానన్నాను. మా మధ్య గొడవల్లేవు. ఆదివారాలకు కూడా వస్తూనే ఉంది, కార్డు మీద నంబరు రాసేది, కారణం మాత్రం రాసేది కాదు. ఇంట్లో మాత్రం బాత్‌రూంలో నల్లా చప్పుడొక్కటే వినిపించేది. ఇలా పదిహేడేళ్లు.

జబ్బు కిడ్నీలది. చివరి నెలల్లో వారానికి రెండుసార్లు ఆసుపత్రి, మిగతా రోజులు మంచం. మధ్యాహ్నాలు పాటలు పెట్టమనేది. ఒక రోజు ఆ పాటే పెట్టమంది. మొదటి నంబరు పెట్టాను, తర్వాత రెండోది.

"మూడోది లేదా నీ దగ్గర?" అంది.

ఆమె ముఖం చూడలేకపోయాను. "సార్ దగ్గరున్నది. అడుగుత."

"అడుగు. ఒక్కసారి విందాం. ఇప్పుడైతే నాకు గూడ తెలుస్తది గద, ఎంత ఖరాబ్ పాడిననో."

సార్ ఇల్లు రెండు వీధుల అవతల. రిటైరయ్యాక తార్నాకలోనే చిన్న ఫ్లాట్ తీసుకున్నారు. నేను వెళ్లలేదు. సార్ ఎదురుగా నిలబడి ఆ రికార్డింగు అడిగితే మొత్తం చెప్పాల్సి వస్తుందని వెళ్లలేదు. రేపు, ఎల్లుండి అనుకున్నాను. తర్వాతి శుక్రవారం ఆమె పోయింది.

మెట్టుగూడ చర్చిలో పెట్టె చుట్టూ ఊరి నుంచి వచ్చిన బంధువులు కూర్చున్నారు. ఒక ముసలామె, ఆమె మేనత్త, శోకం మొదలుపెట్టింది. బిడ్డా నీ పలక పట్టుకొని బడికి పోతివి, బిడ్డా నీ జడ నేనేస్తి. మాట సగంలో ఊపిరి తీసింది. మిగిలిన సగం తర్వాత వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, నేను తప్పని రాసింది దేన్నో. బయట రైలు వెళ్లింది.

ఆ తర్వాత కూడా ఏడాదిన్నర పట్టింది సార్ దగ్గరికి వెళ్లడానికి. సార్‌కు ఎనభై దాటాయి. చెవి మిషిన్ పెట్టుకున్నారు.

"సార్, ఒకటి చెప్పాలె."

"గట్టిగ చెప్పు. బ్యాటరీ అయిపోవస్తున్నది."

పంతొమ్మిదేళ్లు గొంతులోనే పెట్టుకున్నదాన్ని అరిచి చెప్పాల్సి వచ్చింది. "మొదట మూడో నంబరుకే రాసిన సార్! కార్డు మార్చిన!" వంటామె గరిటె పట్టుకుని తొంగి చూసి వెళ్లింది.

సార్ చెవి మిషిన్ సర్దుకున్నారు. "తెల్సు," అన్నారు. "జేబుల పెట్టుకుంటుంటే చూసిన."

"ఆమెకెందుకు చెప్పలేదు సార్?"

"నువ్వు చెప్తవని ఆగిన. ఒక వారంల చెప్తడు అనుకున్న. తర్వాత ఒక నెల. మొగుడు పెండ్లాల నడుమ నేనెట్ల దూరుత అనుకున్న. గట్లనే పోయినయి ఏండ్లు. నాది గూడ తప్పే. రాస్తే నాది గూడ రాయి."

రాస్తున్నాను సార్.

వచ్చేటప్పుడు ఒక డిస్కు చేతిలో పెట్టారు. ఆ రోజు మాకు వినిపించింది ముందూ వెనకా కత్తిరించిన ముక్క. ఇది మొత్తం. ఇంటికి తెచ్చి, పొద్దున పూట, కిటికీలు మూసుకుని పెట్టాను.

మొదట రైలు చప్పుడు. దాని మీద ఆమె గొంతు: "ఆగన్నా, బండి పోనియ్యి." కుర్చీ జరిగిన చప్పుడు. "నీళ్లేవి? రెండో గిలాస గూడ అయిపోయింది సార్. వినేది పెద్ద చెవులాయన, ఉత్తగనా?"

"ఆయనకు తెల్వదు గదమ్మా నువ్వని," సార్ గొంతు.

"తెల్వకుంట మంచిగున్నదన్నడనుకోండ్రి సార్, ఇగ నేను ఎక్కడికైన పోత."

తర్వాత పాట. ఆఖరి స్వరం, ఆర్గన్, నిశ్శబ్దం, కూత. వెంటనే ఆమె: "అరె! పడ్డదా గది? మల్ల పాడాల్నా?"

"వద్దు, మంచిగొచ్చింది. గిట్లనే ఉండనియ్యి," అన్నాడు మా బావ.

"సరే, ఉండనియ్యి," అని నవ్వింది. అక్కడితో అయిపోయింది.

మళ్లీ పాడి ఉంటే ఆ కూత ఉండేది కాదు. నాకు తెలిసేది కాదు. మొదటి కార్డే డబ్బాలో పడేది.

మా ఆదివారాలు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. తొమ్మిది మంది విద్యార్థులు వస్తారు. గత నెల అవే మూడు రికార్డింగులు అదే వరసలో, మూడోది కూత దాకా మాత్రమే, వినిపించాను. బస్తాలో పాత కార్డులు ఇంకా మిగిలే ఉన్నాయి. అందరూ రాసి డబ్బాలో వేశాక నా సొరుగులోంచి తెచ్చిన కార్డును కూడా వేశాను. చదివే పని ఒక ఎమ్మే అమ్మాయిది. ముగ్గురు ఒకటికి, ఇద్దరు రెండుకు, నలుగురు మూడుకు రాశారు. ఒకతను రాశాడు: "మూడు. లాస్ట్‌కు ట్రైన్ ఉన్నది, అయినా మూడే."

చివర్లో నాది వచ్చింది. అమ్మాయి చదివింది: "మూడు. మొదటి ఇద్దరూ బాగా పాడారు. ఈమె పాడటం లేదు, ఈమెకు జరుగుతోంది. ఊపిరి తెగిన చోట కూడా బాధ తెగలేదు." ఎవరూ చెయ్యెత్తలేదు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మస్తు పాతది సార్, పచ్చగైంది. వెనక కోళ్ల పెంపకం బుక్ అని ఉన్నది. ఎవరిది?"

నేను చెయ్యెత్తాను. ఎప్పుడు రాశానో, ఎందుకు డబ్బాలో వేయలేదో చెప్పాను. మూడో ఆమె నాకు ఏమవుతుందో చెప్పాను. పేరు చెప్పలేదు, ఇక్కడా రాయడం లేదు. ఆ రోజు వద్దని తలూపింది, మార్చుకుందో లేదో ఇప్పుడు అడగలేను. ఒకతను ఫ్యాన్ వేయబోయి మానేశాడు.

పాత పత్రిక ఎవరి దగ్గరైనా ఉంటే, ఆ నాలుగు వాక్యాలు కొట్టేసి, కార్డు మీది మాటలు రాసుకోవాలని కోరుతున్నాను.

నేను చెప్పడం అయ్యాక కూడా అమ్మాయి కార్డును చేతిలోనే పట్టుకుని ఉంది. "సార్, ఆమెవి ఇంకా రికార్డింగ్స్ ఉన్నయా? ఇదే పాట మల్ల ఎప్పుడన్న పాడిందా?"

"లేదమ్మా. ఇదొక్కటే."

"మరి దేనితోని కంపేర్ చేస్తం సార్?" అంది. మా అలవాటు కొద్దీ అడిగింది, వెంటనే నాలుక కరుచుకుంది.

కార్డును డబ్బాలో, మూడో నంబరుకు రాసిన మిగతా నాలుగింటితో కలిపి పెట్టమన్నాను.